పనిని పంచిన అమీర్ – హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి)

హజ్రత్ అబూ ఉబైదా (రజి) పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదేమో. ఇహలోకంలోనే స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది సహాబాల్లో ఆయన ఒకరు. ‘అమీనుల్ ఉమ్మత్’, అంటే ఈ ముస్లిం సమాజపు విశ్వసనీయుడు అన్న బిరుదు స్వయంగా దైవప్రవక్త (స) నోట అందుకున్న ధన్యజీవి. మక్తబ్‌లో చదివే పిల్లవాడికి కూడా ఈ రెండు సంగతులు తెలుసు. ఆయన జీవితంలోని మరో పార్శ్వం గురించి మాత్రం మన ఇళ్లలో అంతగా ముచ్చట జరగదు. నాయకుడిగా ఆయన పనిని ఎలా పంచారు, తన కింద ఉన్నవారి చేతికి అధికారం ఎలా అప్పగించారు, అప్పగించిన తర్వాత వారి వెనుక ఎలా నిలబడ్డారు అన్నదే ఆ పార్శ్వం. ఈ నెల దాన్నే పాఠకుల ముందు ఉంచుతున్నాం.

మనలో చాలామందికి పని అప్పగించడం వచ్చు, అధికారం అప్పగించడం రాదు. రంజాన్‌లో ఇఫ్తార్ ఏర్పాట్లు చూడమని కుర్రాళ్లకు చెబుతాం. చెప్పిన గంటకే వంట పందిరి దగ్గరికి వెళ్లి డేగిసా మూత ఎత్తి చూస్తాం. బియ్యం ఎవరి దుకాణంలో కొన్నారని ఆరా తీస్తాం. ఉప్పు తగ్గితే పదిమంది ముందు మందలిస్తాం. మరుసటి ఏడు ఆ కుర్రాళ్లు ఆ ఛాయలకే రారు. అప్పుడేమో ఈ కాలపు యువకులకు ధర్మం పట్ల శ్రద్ధ లేదని వాపోతాం. మసీదు కమిటీ పెద్దలే కాదు, దుకాణం లెక్కలు కొడుకుకు అప్పజెప్పిన తండ్రి, వంటిల్లు కోడలికి అప్పజెప్పిన అత్తగారు కూడా ఈ ఇబ్బంది ఎరిగినవారే. కాబట్టి ఎప్పుడో పద్నాలుగు వందల ఏళ్ల నాటి సైన్యాధిపతి కథ మనకెందుకని పాఠకులు పేజీ తిప్పెయ్యరని ఆశిస్తున్నాం.

ఆయన అసలు పేరు ఆమిర్. తండ్రి పేరు అబ్దుల్లాహ్, తాత పేరు జర్రాహ్. తాత పేరుతోనే ఆయన ప్రసిద్ధులయ్యారు. ఖురైష్ తెగలోని ఫిహ్ర్ శాఖకు చెందినవారు. పొడవాటి మనిషి, సన్నని దేహం, బక్క ముఖం, పలుచని గడ్డం. హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా సత్యసందేశం అందుకుని, అర్ఖమ్ గారి ఇల్లు ధర్మప్రచార కేంద్రం కాకముందే ఇస్లాం స్వీకరించారు. మక్కాలో తొలి ముస్లింలు పడిన బాధలన్నీ ఆయనా పడ్డారు. అబిసీనియాకు వలస వెళ్లినవారిలో ఆయన పేరు కూడా ఉంది. తర్వాత మదీనాకు హిజ్రత్ చేశారు. బద్ర్‌లో పాల్గొన్నారు.

హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో జరిగిన ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) శిరస్త్రాణపు రెండు కడియాలు ఆయన చెక్కిలిలో గుచ్చుకుపోయాయి. హజ్రత్ అబూబక్ర్ (రజి) వాటిని తీయడానికి ముందుకు వచ్చారు. ఆ పని తనకు వదిలిపెట్టమని అబూ ఉబైదా (రజి) బతిమాలుకున్నారు. చేత్తో లాగితే దైవప్రవక్త (స)కు నొప్పి కలుగుతుందని పళ్లతో పట్టి మెల్లగా లాగారు. మొదటి కడియంతోపాటు ముందు పన్ను ఒకటి ఊడింది. రెండో కడియంతో రెండోది ఊడింది. ముందు పళ్లు లేనివారిలో ఆయనంత అందగాణ్ణి చూడలేదని తర్వాత జనం చెప్పుకునేవారు.

ఇక అసలు విషయానికి వద్దాం.

అమీర్ పదవి చేతిలోంచి జారినప్పుడు

హిజ్రీ 8వ సంవత్సరం జమాదిస్సానీ నెల (క్రీ.శ. 629). మదీనాకు ఉత్తరాన, వాదిల్ ఖురాకు ఆవల ఖుజాఆ తెగవారు దాడికి సమాయత్తమవుతున్నారన్న వార్త అందింది. దైవప్రవక్త (స) మూడొందల మందితో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)ను పంపారు. ఆయన ఇస్లాం స్వీకరించి అప్పటికి కొన్ని నెలలే అయింది. శత్రువుల సంఖ్య ఎక్కువగా ఉందని తెలిసి ఆయన అదనపు బలగం కోరారు. అప్పుడు దైవప్రవక్త (స) అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మరో రెండొందల మందిని పంపారు. ఆ రెండొందల మందిలో అబూబక్ర్, ఉమర్ (రజి) అంతటివారు ఉన్నారు. ఒకరితో ఒకరు విభేదించుకోవద్దని పంపేటప్పుడే దైవప్రవక్త (స) హితవు చెప్పారు. చరిత్రలో దీనికి జాతుస్సలాసిల్ దండయాత్ర అని పేరు.

రెండు దళాలూ కలిశాయి. నమాజుకు ఇమామత్ ఎవరు చేయాలన్న దగ్గర సమస్య వచ్చింది. ఆనాడు ఇమామత్ చేసేవారే దళాధిపతి. అబూ ఉబైదా (రజి) తమ దళానికి అమీర్‌గా ముందుకు వచ్చారు. తన సహాయానికి వచ్చినవారు తన ఆధీనంలోనే ఉండాలి, అమీర్‌ను నేనే అన్నది అమ్ర్ (రజి) వాదన. ముహాజిర్లలో కొందరికి ఇది మింగుడు పడలేదు. చెరి ఒక దళానికి చెరొకరు అమీర్‌గా ఉండాలన్నారు. ఎవరు ఎవరికి లోబడాలి? ఒకవైపు పదిహేనేళ్లకు పైబడిన విశ్వాసం, హిజ్రత్, బద్ర్, ఉహుద్. మరోవైపు నిన్నగాక మొన్న వచ్చిన మనిషి.

అబూ ఉబైదా (రజి) దైవప్రవక్త (స) చెప్పిన హితవును గుర్తు చేశారు. మీరు నా మాట వినకపోయినా నేను మీ మాట వింటాను అన్న భావంతో అమీర్ పదవిని అమ్ర్ (రజి)కు వదిలి, ఆయన వెనుక నమాజు చేశారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన వెనక్కి తగ్గింది చేతకాక కాదు. ఆ ప్రాంతం, అక్కడి తెగలు అమ్ర్ (రజి)కు బాగా తెలుసు. ఆయన నాయనమ్మ ఆ ప్రాంతపు బలీ తెగకు చెందిన స్త్రీ. పనికి ఎవరు తగినవారో దైవప్రవక్త (స) ముందే ఎంచి పంపారు. సీనియారిటీ లెక్కలు తెరిచి కూర్చుంటే శత్రువు ఎదుట రెండు నమాజులు, రెండు దళాలు, రెండు ఆజ్ఞలు అయ్యేవి. ఆ దండయాత్రలోనే మరో సంగతి జరిగింది. చలి తీవ్రంగా ఉన్నా రాత్రి మంటలు వేయవద్దని అమ్ర్ (రజి) ఆజ్ఞాపించారు. హజ్రత్ ఉమర్ (రజి)కు కోపం వచ్చింది. యుద్ధ విద్య తెలుసు కనుకనే దైవప్రవక్త (స) ఆయనను నియమించారని చెప్పి అబూబక్ర్ (రజి) వారించారు. మంటల వెలుగులో తమ సంఖ్య ఎంత తక్కువో శత్రువుకు తెలిసిపోతుందన్నది అమ్ర్ (రజి) ఆలోచన అని తర్వాత మదీనాలో బయటపడింది. దైవప్రవక్త (స) దాన్ని మెచ్చుకున్నారు.

ఒక్కో ఖర్జూరం

సీరత్ గ్రంథాల్లో ఎక్కువ భాగం ఆ మరుసటి నెల రజబ్‌లో జరిగినట్టు చెప్పే మరో సంఘటన ఉంది. ఈసారి అబూ ఉబైదా (రజి) స్వయంగా అమీర్. మూడొందల మందితో ఎర్ర సముద్ర తీరానికి బయలుదేరారు. దారిలోనే తిండి అయిపోవచ్చింది. అప్పుడు ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరి దగ్గర ఎంత ఉంటే అంత తెచ్చి ఒకచోట పోయమన్నారు. అందరిదీ కలిపితే రెండు సంచుల ఖర్జూరాలయ్యాయి. ఆ రోజు నుంచి రోజూ కొద్దికొద్దిగా పంచారు. చివరికి తలా ఒక్క ఖర్జూరం దగ్గరికి వచ్చింది. ఒక్క ఖర్జూరం ఏమూలకు అని తర్వాత ఎవరో అడిగితే, ఆ ఒక్కటి కూడా లేని రోజు వచ్చాక దాని విలువ తెలిసిందని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. పసిపిల్లల్లా దాన్ని చప్పరించి నీళ్లు తాగేవారు. అదీ అయిపోయాక చెట్ల ఆకులు కర్రలతో రాల్చి, నీళ్లలో తడిపి తిన్నారు.

దళంలో హజ్రత్ ఖైస్ (రజి) అనే యువకుడు ఉన్నారు. అన్సార్ల నాయకుడు సఅద్ బిన్ ఉబాదా (రజి) కుమారుడు. దానశీలానికి పేరు పడిన ఇల్లు అది. జనం ఆకలి చూడలేక ఆయన ఒకరోజు మూడు ఒంటెలు కోయించారు. మరో రోజు మరో మూడు. ఇంకోరోజు మరో మూడు. అంతవరకు అమీర్ అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత ఆపమన్నారు. ఒంటెలన్నీ తినేస్తే తిరుగు ప్రయాణం దేని మీద?

మాకు ఈ సంఘటన చాలా విలువైనదిగా తోస్తుంది. యువకుడు తనంతట తాను ముందుకొచ్చాడు. అమీర్ మొదటి రోజే, నన్ను అడిగి చేశావా అని గద్దించలేదు. తొమ్మిది ఒంటెల వరకు సాగనిచ్చారు. దళం మొత్తానికి నష్టం వచ్చే హద్దు దగ్గర మాత్రం గట్టిగా ఆపారు. తన దళంలో ఎవరు ఎంతవరకు వెళ్లవచ్చో, ఎక్కడ ఆగాలో అమీర్‌కు తెలిసి ఉండాలి. అన్నీ వదిలేసిన అమీరూ, ఏదీ వదలని అమీరూ ఇద్దరూ ఆ ఎడారిలో దళాన్ని ముంచేవారే.

తర్వాత అల్లాహ్ అనుగ్రహం వారికి సముద్రపు ఒడ్డున చిన్న గుట్టలా కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే అది బ్రహ్మాండమైన తిమింగలం. అరబ్బులు దాన్ని అంబర్ అనేవారు. చచ్చినది తినకూడదని అబూ ఉబైదా (రజి) ముందు అన్నారు. వెంటనే ఆలోచించి, మనం దైవప్రవక్త (స) పంపగా దైవమార్గంలో వచ్చినవాళ్లం, ప్రాణావసరంలో ఉన్నాం, తినండి అని తన మాటను తానే మార్చుకున్నారు. రెండు వారాలకు పైగా ఆ మాంసం తిని జనం బలం పుంజుకున్నారు. దాని కంటి గుంతలో పదముగ్గురు కూర్చున్నారని, పక్కటెముకను నిలబెడితే దాని కిందినుంచి ఒంటె మీద కూర్చున్న మనిషి వెళ్లిపోయాడని ఉల్లేఖనాల్లో ఉంది. మదీనాకు వచ్చి విషయం చెబితే దైవప్రవక్త (స) అది అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అని చెప్పి, మిగిలి ఉంటే తమకూ ఇమ్మని అడిగి తిన్నారు.

నజ్రాన్ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రతినిధి బృందం తమతో ఒక విశ్వసనీయుణ్ణి పంపమని కోరినప్పుడు సహాబాలందరూ ఆ భాగ్యం తమకే దక్కాలని ఆశగా మెడలు చాచారు. దైవప్రవక్త (స) అబూ ఉబైదా (రజి)ను లేవమన్నారు. అమీనుల్ ఉమ్మత్ అన్న మాట అప్పుడే వెలువడింది. హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో దైవప్రవక్త (స) పరమపదించిన రోజున సఖీఫాలో హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌కు ఇద్దరి పేర్లు ముందుంచారు. ఒకరు ఉమర్ (రజి), మరొకరు అబూ ఉబైదా (రజి). ఇద్దరూ అబూబక్ర్ (రజి) చేతిలోనే ప్రమాణం చేశారు.

జేబులో ఉన్న ఉత్తరం

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు నాలుగు సైన్యాలను పంపారు. అబూ ఉబైదా (రజి) హిమ్స్ వైపు, యజీద్ బిన్ అబీ సుఫ్యాన్ (రజి) డమాస్కస్ వైపు, షురహ్‌బీల్ బిన్ హసనా (రజి) జోర్డాన్ వైపు, అమ్ర్ బిన్ ఆస్ (రజి) పాలస్తీనా వైపు. రోమన్ల బలం పెరగడంతో ఇరాక్ నుంచి హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను పిలిపించి, అందరిమీదా ఆయనకు నాయకత్వం ఇచ్చారు. నిర్జల ఎడారిని దాటి ఖాలిద్ (రజి) వచ్చిన తీరు యుద్ధ చరిత్రలో ఒక అధ్యాయం. అది ఇప్పటి మన విషయం కాదు.

అదే సంవత్సరం అబూబక్ర్ (రజి) కన్నుమూశారు. ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ (రజి) తొలి రోజుల్లోనే ఖాలిద్ (రజి)ను తొలగించి అబూ ఉబైదా (రజి)ను సేనాధిపతిగా నియమిస్తూ ఉత్తరం పంపారు. విజయాలను జనం అల్లాహ్‌కు కాక ఖాలిద్‌కు ఆపాదిస్తారేమోనన్న భయం ఈ నిర్ణయానికి ఒక కారణమని చరిత్రకారులు రాశారు. ఆ ఉత్తరం ఎక్కడ అందిందన్న దానిమీద కథనాలు వేర్వేరుగా ఉన్నాయి. డమాస్కస్ ముట్టడి సమయంలో అని కొందరు, యర్మూక్ వద్ద అని మరికొందరు. ఒక విషయంలో మాత్రం అవి కలుస్తాయి. అబూ ఉబైదా (రజి) ఆ ఉత్తరాన్ని కొంతకాలం ఎవరికీ చూపలేదు. తాను అధిపతి అయి ఉండీ ఖాలిద్ (రజి) వెనుకే నడిచారు. పోరు ముగిశాక విషయం తెలిసి ఖాలిద్ (రజి) ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. మీ యుద్ధాన్ని మధ్యలో ఆపడం నాకిష్టం లేకపోయింది, మనం కోరేది ఇహలోక పెత్తనం కాదు, మనమంతా సోదరులం అన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు.

డమాస్కస్ హిజ్రీ 14 (క్రీ.శ. 635)లో లొంగింది. అప్పుడు జరిగినదాన్ని చరిత్రకారుడు బలాజురీ ఇలా రాశారు. ఖాలిద్ (రజి) తూర్పు ద్వారం దగ్గర నగర బిషప్‌తో సంధి రాసుకున్నారు. అదే సమయంలో అబూ ఉబైదా (రజి) జాబియా ద్వారం నుంచి పోరాడి లోపలికి వచ్చారు. ఖాలిద్ ఇప్పుడు అధిపతి కాదు కదా, ఆయన చేసిన సంధి మనకెలా వర్తిస్తుందని ముస్లింలలో కొందరు అడిగారు. ముస్లింలలో అతి సామాన్యుడు ఇచ్చిన అభయానికైనా అందరూ కట్టుబడవలసిందేనని చెప్పి అబూ ఉబైదా (రజి) ఆ సంధిని నగరమంతటికీ అమలు చేశారు. వేరే కథనాల్లో ద్వారాలు తారుమారవుతాయి. బలవంతంగా ప్రవేశించినది ఖాలిద్ అని, సంధి చేసినది అబూ ఉబైదా అని ఉంటుంది. ఎలా చూసినా సంధే నిలిచింది. తన కింది మనిషి ఇచ్చిన మాటను తన మాటగా మోయడం అమీర్‌కు అన్నింటికంటే కష్టమైన పని. ఆ మాటవల్ల యుద్ధ సొత్తు చేజారుతున్నప్పుడు ఇంకా కష్టం.

ఖాలిద్ (రజి) కూడా తక్కువవారు కారు. నిన్నటిదాకా తన కింద ఉన్నవారి కింద ఈరోజు సిపాయిగా పనిచేయడం అందరివల్లా అయ్యేది కాదు. అయితే ఆయన అలా పనిచేయగలిగిన వాతావరణం కల్పించింది అబూ ఉబైదా (రజి) అని మేము భావిస్తున్నాం. గుర్రపు దళం ఆయన చేతిలోనే ఉంచారు. ప్రతి ముఖ్యమైన విషయంలో ముందుగా ఆయన సలహానే అడిగారు.

యర్మూక్

డమాస్కస్ తర్వాత హిమ్స్ కూడా వశమైంది. అప్పుడు రోమన్ చక్రవర్తి హెరాక్లియస్ తన సామ్రాజ్యం నలుమూలల నుంచి పెద్ద సైన్యం సమీకరించాడన్న వార్త వచ్చింది. అబూ ఉబైదా (రజి) హిమ్స్‌లో అధికారులందరినీ సమావేశపరచి ఏం చేద్దామని అడిగారు. ఈ సమావేశాన్ని మౌలానా షిబ్లీ నోమానీ ‘అల్ ఫారూఖ్’లో వర్ణించారు. స్త్రీలను, పిల్లలను నగరంలో వదిలి మనం బయట సైన్యాన్ని మోహరిద్దామని యజీద్ (రజి) అన్నారు. నగరవాసులు క్రైస్తవులు, మన కుటుంబాలను వాళ్ల మధ్య వదలడం క్షేమం కాదని షురహ్‌బీల్ (రజి) అభ్యంతరం చెప్పారు. అలాగైతే నగరవాసులను బయటికి పంపుదామని అమీర్ అన్నారు. షురహ్‌బీల్ (రజి) మళ్లీ లేచారు. వాళ్లను వాళ్ల ఇళ్లలో శాంతిగా ఉండనిస్తామని మాటిచ్చాం, ఆ మాట తప్పే హక్కు అమీర్‌కు లేదు అని చెప్పారు. నిండు సభలో తన కింది అధికారి తప్పు పట్టాడు. అబూ ఉబైదా (రజి) తన తప్పు ఒప్పుకున్నారు. అక్కడినుంచి అందరూ డమాస్కస్ వైపు వెనక్కి తగ్గాలని నిర్ణయమైంది.

వెళ్లేముందు ఆయన చేసిన పని ప్రపంచ చరిత్రలో అరుదైనది. మీకు రక్షణ కల్పిస్తామని పన్ను తీసుకున్నాం, ఇప్పుడు రక్షించే స్థితిలో లేము కనుక ఆ సొమ్ము మీది మీకే అని తిరిగి ఇప్పించారు. ఆయన నియమించిన అధికారులందరికీ ఈ మేరకు ఉత్తరాలు వెళ్లాయని ఖాజీ అబూ యూసుఫ్ రాశారు. ఎవరు ఎంత వసూలు చేశారో వారే, వారి చేతులతోనే తిరిగి ఇవ్వాలి. తీసుకున్నది ఒకరు, తిరిగి ఇచ్చేది అమీర్ అన్నట్టు కాలేదు. బాధ్యత ఎవరి దగ్గర పెట్టారో లెక్క కూడా వారి దగ్గరే ఉంచారు.

హిజ్రీ 15 (క్రీ.శ. 636)లో యర్మూక్ నది ఒడ్డున సైన్యాలు ఎదురెదురయ్యాయి. ఆ పోరు ఆరు రోజులు సాగింది. కథనాన్ని బట్టి ముస్లింల సంఖ్య 24 వేల నుంచి 40 వేలు దాటి వరకు కనిపిస్తుంది. రోమన్లు అంతకు ఎన్నోరెట్లు. యుద్ధ నిర్వహణ మొత్తం అబూ ఉబైదా (రజి) ఖాలిద్ (రజి)కు అప్పగించారు. ఖాలిద్ (రజి) సైన్యాన్ని పాత పద్ధతిలో బారులుగా నిలపకుండా 36 నుంచి 40 దళాలుగా విభజించారని తబరీ చరిత్రలో ఉంది. ఒక్కో దళాన్ని కుర్దూస్ అనేవారు. ప్రతి కుర్దూస్‌కు ఒక నాయకుడు. ఖాఖా బిన్ అమ్ర్, ఇయాజ్ బిన్ గనమ్, హాషిమ్ బిన్ ఉత్బా వంటివారు ఒక్కొక్క దళాన్ని నడిపారు. ఆ యుద్ధభూమి విశాలం, ధూళి, కేకలు. అంత దూరానికి ఒక్క మనిషి గొంతు చేరదు. తన ఎదుట పరిస్థితి చూసి అక్కడికక్కడ నిర్ణయం తీసుకోగల నాయకుడు ప్రతి దళంలో ఉండాల్సిందే.

ఇబ్నె కసీర్ చెప్పిన మరో వివరం మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. సైన్యం మధ్యభాగంలో అబూ ఉబైదా (రజి) నిలబడి ఉన్నారు. అధిపతి స్థానం అదే. ఖాలిద్ (రజి) ఆయన దగ్గరికి వచ్చి, ఆ స్థానంలో సయీద్ బిన్ జైద్ (రజి)ను ఉంచి మీరు రెండు మూడు వందల మందితో సైన్యం వెనక్కి వెళ్లమని సూచించారు. ఎవరైనా వెన్ను చూపి పారిపోతుంటే మీ ముఖం కనబడి సిగ్గుపడి వెనక్కి తిరుగుతారు అన్నది ఆయన లెక్క. సేనాధిపతిని వెనక్కి పొమ్మనడం! వేరొకరైతే అవమానంగా భావించేవారు. అబూ ఉబైదా (రజి) మారుమాట్లాడకుండా వెళ్లి వెనుక నిలబడ్డారు. తన గౌరవం జనంలో ఎంతుందో, ఆ గౌరవం ఎక్కడ నిలబెడితే ఎక్కువ ఉపయోగపడుతుందో తనకంటే తన కింది మనిషికి బాగా తెలుసని ఆయన ఒప్పుకున్నారు. అల్లాహ్ విజయం ప్రసాదించాడు.

ఆ తర్వాత సిరియా ఉత్తర ప్రాంతాల్లో కూడా ఇదే పద్ధతి. ఖిన్నస్రీన్ వైపు ఖాలిద్ (రజి)ను పంపారు. హిమ్స్‌లో ఉబాదా బిన్ సామిత్ (రజి)ను తన ప్రతినిధిగా ఉంచారు. బైతుల్ మఖ్దిస్ వాసులు ఖలీఫా స్వయంగా వస్తేనే నగరం అప్పగిస్తామన్నప్పుడు, తన అధికారం చాలదా అని పట్టుపట్టకుండా హజ్రత్ ఉమర్ (రజి)కు ఉత్తరం రాసి పిలిపించారు.

ఖలీఫా వచ్చినప్పుడు సేనానులంతా ఎదురువచ్చారు. ఉమర్ (రజి) తన సోదరుడు అబూ ఉబైదా ఎక్కడని అడిగి, ఆయన ఇంటికే వెళ్లారు. సిరియా మొత్తానికి అధిపతి ఇంట్లో ఒక ఖడ్గం, ఒక డాలు, ఒక ఒంటె జీను తప్ప మరేమీ కనబడలేదు. కాస్త సామాను సమకూర్చుకోరాదా అని అడిగితే, గమ్యం చేరడానికి ఇది చాలని జవాబు. మరోసారి ఉమర్ (రజి) నాలుగు వందల దీనార్లు పంపి, ఏం చేస్తారో చూసి రమ్మని సేవకుడికి చెప్పారు. ఆ సొమ్ము సేవకుడి కళ్లముందే ఈ ఇంటికి ఇన్ని, ఆ ఇంటికి ఇన్ని అని పంచడమైపోయింది. హిజ్రీ 18లో అరేబియాను కరువు పీడించినప్పుడు నాలుగు వేల ఒంటెల మీద ధాన్యం వేసుకుని అందరికంటే ముందు మదీనా చేరినది కూడా ఆయనే.

ఆయన స్వభావంలోని మెత్తదనం ఒకచోట ఆయనకే ఇబ్బంది తెచ్చింది. హిజ్రీ 17లో ఖాలిద్ (రజి)ను పూర్తిగా బాధ్యతల నుంచి తప్పించాలని ఖలీఫా ఆజ్ఞ వచ్చింది. ఆ మాట ఖాలిద్ (రజి)తో చెప్పడానికి అబూ ఉబైదా (రజి)కు నోరు రాలేదు. రోజులు గడిచాయి. చివరికి ఉమర్ (రజి) నేరుగా రాస్తేగానీ ఖాలిద్ (రజి)కు తెలియలేదు. ఎందుకు దాచారని అడిగితే, మీ మనసు కష్టపెట్టలేకపోయాను అన్నారు. పని అప్పగించినంత సులువుగా పని తీసేసుకోవడం ఆయనకు రాలేదు.

అమ్‌వాస్ ప్లేగు

హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో పాలస్తీనాలోని అమ్‌వాస్ అనే ఊళ్లో మొదలైన ప్లేగు సిరియా అంతటా పాకింది. అటు ప్రయాణమై సర్గ్ వరకు వచ్చిన ఉమర్ (రజి) పెద్దలతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) సూటిగా అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన హదీసును అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించడంతో చర్చ ముగిసింది.

మదీనాకు తిరిగి వెళ్లాక ఉమర్ (రజి) మనసు ఆగలేదు. మీతో అత్యవసర పని ఉంది, ఈ ఉత్తరం అందగానే బయలుదేరండి అని రాశారు. అబూ ఉబైదా (రజి) చదివి, ఖలీఫాకు తనతో ఉన్న అవసరమేమిటో గ్రహించారు. ఆ అవసరం తన ప్రాణం కాపాడటమే. తన సైనికులను వదిలి రాలేనని, ఆ ఆజ్ఞ నుంచి తనను విడిచిపెట్టమని వినయంగా రాశారు. జీవితమంతా పనులు ఇతరులకు అప్పగించిన మనిషి, ఈ ఒక్క పనిని, అంటే తన సైన్యంతోపాటు ఉండటాన్ని, ఎవరికీ అప్పగించలేదు. ఉత్తరం చదివి ఉమర్ (రజి) కన్నీళ్లు పెట్టుకున్నారు. అబూ ఉబైదా చనిపోయారా అని చుట్టూ ఉన్నవారు అడిగారు. ఇంకా లేదు, కానీ దాదాపు అంతే అన్నట్టు ఆయన జవాబు.

సైన్యాన్ని ఆ పల్లపు, తేమ నేల నుంచి ఎత్తయిన ఆరోగ్యకరమైన చోటికి మార్చమని ఉమర్ (రజి) మళ్లీ రాశారు. అబూ ఉబైదా (రజి) వెంటనే అబూ మూసా అష్అరీ (రజి)ను పిలిచి తగిన స్థలం చూడమన్నారు. ఆయన ఇంటికి వెళ్లేసరికి భార్యకు వ్యాధి సోకి ఉంది. సంగతి తెలుసుకుని అబూ ఉబైదా (రజి) తానే బయలుదేరబోయారు. ఒంటె ఎక్కడానికి కాలు పెట్టేసరికి ఆయనకూ వ్యాధి సోకినట్టు తేలింది. సైన్యం జాబియాకు చేరింది. ఆయన ముఆజ్ బిన్ జబల్ (రజి)ను తన స్థానంలో నియమించి, నమాజు చేయించమని చెప్పి, 58 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు. జోర్డాన్ లోయలో దేర్ అల్లా దగ్గర ఆయన సమాధిగా భావించే చోట నేడు మసీదు ఉంది.

ఒకసారి ఉమర్ (రజి) తన సహచరులను ఏదైనా కోరుకోండని అడిగారు. ఒకరు ఇంటినిండా బంగారం ఉంటే దైవమార్గంలో ఖర్చు చేస్తానన్నారు. ఇంకొకరు ముత్యాలన్నారు. ఉమర్ (రజి) మాత్రం ఇంటినిండా అబూ ఉబైదా వంటి మనుషులు కావాలని కోరుకున్నారు.

ముఆజ్ (రజి) కూడా ఎక్కువ రోజులు బతకలేదు. ఆ వ్యాధిలో మొత్తం 25 వేలమంది పోయారని చరిత్రకారులు లెక్క చెప్పారు. యజీద్, షురహ్‌బీల్ (రజి) కూడా ఆ మృతుల్లో ఉన్నారు. అప్పుడు బాధ్యత అమ్ర్ బిన్ ఆస్ (రజి) చేతికి వచ్చింది. పదేళ్ల కిందట జాతుస్సలాసిల్ దారిలో అబూ ఉబైదా (రజి) ఎవరి వెనుక నమాజుకు నిలబడ్డారో ఆయనే. ఈ వ్యాధి నిప్పులా అంటుకుంటుందని, గుంపుగా ఉండక కొండల్లోకి చెదిరిపోవాలని ఆయన జనానికి చెప్పారు. సైన్యంలో ఒకరు గట్టిగా ఎదురు చెప్పారు. అమ్ర్ (రజి) వాదనకు దిగకుండా జనాన్ని కొండల్లోకి నడిపించారు. వ్యాధి తగ్గుముఖం పట్టింది. మదీనాకు ఆ వార్త చేరింది. హజ్రత్ ఉమర్ (రజి) అమ్ర్ (రజి) చేసినదాన్ని తప్పు పట్టలేదు.